నవ్వు రాని మొహం

వరంగల్ చౌరస్తా నుంచి పిన్నవారి వీధి వైపు తిరిగే దారిలో, రెండు చెప్పుల దుకాణాల మధ్య ఇరుక్కున్నట్టుండే మ్యాచింగ్ సెంటర్ శ్రీలతది. చీర పట్టుకొని వస్తే దానికి సరిపోయే జాకెట్ గుడ్డ, లైనింగ్, ఫాల్ అన్నీ అక్కడే దొరుకుతాయి. తండ్రి పోయాక దుకాణం ఆమె చేతికి వచ్చింది. తమ్ముడు శ్రీనివాస్ హన్మకొండలో కరెంటు సామాను దుకాణం పెట్టుకొని అక్కడే స్థిరపడ్డాడు. పెళ్ళి మాట శ్రీలత విషయంలో మూడు నాలుగు సార్లు వచ్చి, ఏదో ఒక కారణంతో తప్పిపోయి, చివరికి ఎవరూ ఎత్తకుండా అయింది. దాని గురించి ఆమె పెద్దగా బాధపడిందీ లేదు. దుకాణం పైనే ఒక గది, వంటిల్లు. కింద పొద్దంతా మనుషులు, పైన రాత్రి నిద్ర. ఆమెకు అది చాలినట్టే ఉండేది.

ఆమెకున్న ఆస్తి మాట, నవ్వు. గిరాకీ మెట్టెక్కగానే నవ్వేది. ఎవరి కూతురికి ఏ ఊళ్ళో సంబంధం కుదిరిందో, ఎవరి అత్త ఏ రంగు కట్టదో ఆమెకు గుర్తుండేది. ఒక్క మీటరు గుడ్డ కోసం పరకాల నుంచి బస్సెక్కి వచ్చే ఆడవాళ్ళుండేవాళ్ళంటే ఆ గుడ్డ ఇంకెక్కడా దొరకక కాదు, ఆమెతో కాసేపు మాట్లాడవచ్చని.

దుకాణం అరుగు మీద సుగ్రా బేగం కుట్టుమిషను ఉండేది. ఫాల్ కుట్టడం, చీర అంచులకు పీకో చేయడం ఆమె పని. మండిబజార్‌లో ఇల్లు. భర్త చనిపోయినప్పుడు కూతురు ఐమన్‌కు ఇంకా బడికి పోయే వయసు కూడా రాలేదు. ఆ రోజుల్లోనే శ్రీలత తండ్రి, అరుగు మీద మిషను పెట్టుకోమన్నాడు. అప్పటి నుంచీ అక్కడే. శ్రీలత ఆమెను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచేది. మధ్యాహ్నం గిరాకీ పలుచబడితే ఇద్దరూ లోపల చుట్టిపెట్టిన గుడ్డ తాన్ల మధ్య కూర్చొని టిఫిన్లు విప్పుకునేవాళ్ళు. శ్రీలత మాంసం ముట్టదని, తను ఆ రోజు ఇంట్లో ఏం వండినా సరే, డబ్బాలో మాత్రం పప్పో, వంకాయో తెచ్చుకునేది సుగ్రా. ఎవరూ అడిగింది కాదు. అట్లా అలవాటైపోయింది.

నలభై దాటిన ఏడాది శ్రీలత కళ్ళు బరువెక్కడం మొదలుపెట్టాయి. పొద్దున బాగానే ఉండేవి. సాయంత్రమయ్యేసరికి రెప్పలు సగం దిగిపోయేవి. ఎదురుగా ఉన్న ఒక గుడ్డ తాను రెండుగా కనిపించేది. కంటి డాక్టరు అద్దాలు మార్చాడు. కొన్నాళ్ళకు గొంతు మారింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉంటే మాట ముక్కులోంచి వచ్చేది, తర్వాత అసలు ముద్దముద్దగా అయిపోయేది. అందుకని సాయంత్రాలు మాట తగ్గించింది. అన్నిటికంటే వింతగా నవ్వు పాడయింది. లోపల నవ్వు వచ్చేది. మొహం మీదికి వచ్చేసరికి పెదవి పైకి లేచేది తప్ప చివరలు సాగేవి కావు. ఒకరోజు దుకాణం అద్దంలో తన మొహం చూసుకొని ఆగిపోయింది. ఎవరినో ఈసడించుకుంటున్నట్టుంది ఆ మొహం.

గిరాకీకి అదే కనిపించింది. రెప్పలు వాల్చి, మాట్లాడకుండా, పెదవి విరిచి గుడ్డ కొలిచి ఇచ్చే మనిషి. శ్రీలతకు గీర ఎక్కువైందన్నారు కొందరు. ఒకావిడ సుగ్రానే అడిగిందట, మీ సేఠమ్మ సాయంత్రం పూట ఏమైనా తాగుతదా అని. సుగ్రా ఆవిడను తిట్టి పంపించింది. తర్వాత మాత్రం శ్రీలత వైపు అనుమానంగా చూసింది.

శ్రీనివాస్ వచ్చి ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. పరీక్షలన్నీ మామూలుగానే వచ్చాయి. ఒంటరిగా ఉండే ఆడవాళ్ళకు ఇట్లాంటివి మనసు నుంచి వస్తాయని చెప్పి ఆ డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. పొద్దున పూట చూస్తే ఎవరికైనా అట్లాగే అనిపించేది. అప్పుడు ఆమెకు ఏ జబ్బూ ఉన్నట్టుండేది కాదు.

ఐమన్ పెళ్ళి ఆ చలికాలంలో జరిగింది.

ఆ పెళ్ళికి శ్రీలత ఎదురుచూసింది. ఐమన్ తన దుకాణంలోనే, గుడ్డల కింద దూరి ఆడుకుంటూ పెరిగిన పిల్ల. పెళ్ళి బట్టలకు గుడ్డలన్నీ తనే ఏరి ఇచ్చింది. సుగ్రా ఆమె కోసం వేరుగా వంట చేసింది. వంటవాళ్ళ చేతికివ్వకుండా, కొత్తగా స్టీలు గిన్నెలు కొని, తెల్లవారకముందే లేచి బగారన్నం, వంకాయ కూర, సొరకాయతో చేసే పాయసం ఖద్దూ కీర్ తన చేత్తో చేసి, మూతలు కట్టి ఫంక్షన్ హాల్‌కు తెచ్చింది. నీకోసమే, అనుమానం లేకుండ తిను అని ముందురోజే చెప్పింది.

భోజనం ఆలస్యమైంది. అప్పటిదాకా శ్రీలత నిలబడి, వచ్చినవాళ్ళను పలకరిస్తూ, పెళ్ళికూతురి దగ్గర ఫొటోలకు నిలబడుతూ ఉన్నది. కూర్చునేసరికి ఆమె మొహంలో శక్తి లేదు. మొదటి ముద్దలు దిగాయి. తర్వాత దవడ ఆడలేదు. నోట్లో అన్నం అట్లాగే ఉండిపోయింది. నీళ్ళు తాగితే దించుకోవచ్చనుకొని గుక్క వేసింది. నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. పక్కన సుగ్రా చుట్టాలు కూర్చొని ఉన్నారు. శ్రీలత తల దించి, రుమాలు అడ్డం పెట్టుకొని, నోట్లోది అందులోకి తీసేసింది. తలెత్తి చూస్తే ఎదురుగా, చేతిలో ఖద్దూ కీర్ గిన్నెతో సుగ్రా నిలబడి ఉంది.

శ్రీలత ఆమెను చూసి నవ్వబోయింది. పెదవి మాత్రమే లేచింది.

సుగ్రా గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. శ్రీలత కూడా ఎక్కువసేపు ఉండలేదు. ఆటోలో ఇంటికి వచ్చి పడుకుంది.

పెళ్ళి పనులైపోయాక కూడా సుగ్రా అరుగు మీదికి రాలేదు. శ్రీలత ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసింది. ఒక సాయంత్రం ఆటో తెచ్చి, మిషను ఎక్కించుకుంది. కుమార్‌పల్లిలో కొత్త జాగా దొరికిందని మాత్రం చెప్పింది. పొద్దున పూట వచ్చి ఉంటే శ్రీలత అడిగేది. ఆ వేళకు గొంతు ముద్దయిపోయి ఉంది. ఆపా అనబోతే వచ్చిన శబ్దం తనకే తనది కానట్టు అనిపించి నోరు మూసుకుంది. సుగ్రా కాసేపు ఆగి చూసి, ఆటో ఎక్కింది.

ఎందుకు పోయిందో శ్రీలతకు తెలుసు. చెప్పడానికి మాట లేదు. మాట ఉన్న పొద్దుటి వేళ చెప్పాలంటే ఏమని చెప్పాలో తెలియదు. నాకేదో అయిందనాలి. ఏమైందో డాక్టర్లకే తెలియనప్పుడు సాకులాగే ఉంటుంది. మధ్యాహ్నాలు ఒక్కతే తాన్ల మధ్య కూర్చొని, అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ పోసుకొని తాగేది.

తర్వాతి ఎండాకాలంలో పై అరలోని తాను అందుకోబోయి చేయి లేవక, తానుతో సహా పడిపోయింది. ఈసారి శ్రీనివాస్ హన్మకొండలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన వాళ్ళను కావాలనే సాయంత్రం రమ్మన్నాడు. పైకప్పు వంక కన్నార్పకుండా చూడమన్నాడు. చూస్తుంటే రెప్పలు వాటంతటవే దిగిపోయాయి. ఆయన ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి తెప్పించి, ఒక కంటి మీద కాసేపు పెట్టించాడు. తీసి చూస్తే ఆ రెప్ప లేచింది, రెండోది వాలే ఉంది. శ్రీనివాస్ వంగి రెండు రెప్పలనూ మార్చి మార్చి చూశాడు.

“ఇది మీ మనసుల లేదమ్మా,” అన్నాడు డాక్టరు. “నరం చెప్పిన మాట కండకు అందుతలేదు. మీ ఒంట్ల రక్షణకుండే కణాలే ఆ కండ మీద పడ్డయి.”

మయస్థీనియా అని పేరు చెప్పాడు. శ్రీలత ఏడ్చింది. తమ్ముడు భయపడి ఓదార్చబోయాడు. ఆమె ఏడ్చింది భయంతో కాదు. ఇన్నాళ్ళూ తను చేయని తప్పును ఒకాయన తన మీది నుంచి తీసి పక్కన పెట్టినందుకు.

ఆయన రాసిన మాత్ర వేసుకున్న కాసేపటికి గొంతు వచ్చేది, మళ్ళీ కొన్ని గంటలకు పోయేది. స్కానింగ్‌లో రొమ్ము ఎముక వెనక గడ్డ కనిపించింది. థైమస్ అనే గ్రంథిలో పెరిగిందని, ఆపరేషన్ చేసి తీయాలని హైదరాబాద్ పంపించారు.

ఆపరేషన్‌కు ముందు ఆ ఆసుపత్రిలో కొన్ని రోజులుంచారు. శ్రీనివాస్ వస్తూ పోతూ ఉండేవాడు. మరదలికి పిల్లల పరీక్షలు. ఎక్కువసేపు శ్రీలత ఒక్కతే కిటికీ పక్క మంచం మీద ఉండేది. అప్పుడు వచ్చింది నవ్య. డాక్టరు కాదు, పరిశోధన చేస్తున్న అమ్మాయి. గడ్డ తీశాక అందులో చిన్న ముక్క తన పనికి ఇవ్వడానికి ఒప్పుకుంటారా అని అడగడానికి వచ్చింది. మొదట మేడమ్ అంటూ పుస్తకంలో మాటలు మాట్లాడింది. వరంగల్ నుంచని తెలియగానే ఆమె మాట మారిపోయింది. ఆమెది స్టేషన్ ఘన్‌పూర్.

“ఆ ముక్కల ఏం చూస్తవమ్మా?” అని అడిగింది శ్రీలత.

నవ్య మంచం చివర కూర్చుంది. శ్రీలతది బట్టల దుకాణమని అప్పటికే తెలుసు.

“మీ దుకాణంల అన్ని రంగుల తాన్లు ఉంటయి గదక్కా. అన్నీ ఒక్కసారే విప్పిపెట్టరు. మన ఒంట్ల ప్రతి కణంల గూడ గట్లనే. జన్యువులు దాదాపు అన్నిట్ల ఒక్కతీరే ఉంటయి. కంట్ల ఉన్న కణం కొన్ని విప్పుకుంటది, కండల ఉన్నది వేరేవి విప్పుకుంటది. తక్కినవి మడతవెట్టి ఉంటయి. ఊరికె పోలిక చెప్తలేను, లోపల నిజంగనే మడతలే ఉంటయి.”

తర్వాత ఆమె చెప్పింది శ్రీలతకు మొత్తం అర్థం కాలేదు కానీ, చాలా భాగం గుర్తుండిపోయింది. రక్షణ కణాల్లో టీ కణాలనేవి పుట్టేది ఎముకల మూలుగలో. అక్కడ ఉన్నప్పుడు అవి ఏమవుతాయో వాటికే తెలియదు. అవి థైమస్‌కు ప్రయాణమై వస్తాయి. అక్కడి గోడల్లోని కణాలు తాకితే వాటి లోపల కొన్ని జన్యువులు తెరుచుకుంటాయి, వేరే దారుల్లోకి తీసుకుపోయే జన్యువులు మూతపడతాయి. మెల్లమెల్లగా వెనక్కి పోయే దారి ఉండదు. అప్పుడు అవి టీ కణాలవుతాయి. అయితే ఒంట్లోకి వదిలే ముందు పరీక్ష ఉంటుంది. థైమస్‌లో కొన్ని కణాలకు ఎక్కడా లేని ఒక గుణం ఉంది. అవి ఒక్కచోటనే కూర్చొని కన్నుకు చెందినవి, కాలేయానికి చెందినవి, కండకు చెందినవి, ఒంట్లోని ఎన్నో భాగాల జన్యువులను తెరిచి చూపిస్తాయి. ఇది నీ ఒళ్ళే, దీని మీద పడొద్దు అన్నట్టు. చూసి కూడా వాటిని శత్రువుల్లా గట్టిగా పట్టుకునే పిల్ల కణాలు అక్కడే చచ్చిపోతాయి. కొన్నిటిలో ఇంకో జన్యువు తెరుచుకొని, అవి తక్కినవాటి కోపాన్ని ఆపే కాపలా కణాలవుతాయి. అన్నీ తెరిచి చూపించే ఆ పనిలో ముఖ్యమైన పాత్ర ఒక జన్యువుది.

“మీ అసొంటి గడ్డలల్ల ఆ జన్యువు సాధారణంగ పని చెయ్యదక్కా. చూపెట్టేటోళ్ళు లేక, కొన్ని కణాలు నేర్వకుంటనే బయటికొస్తయి. అవే వేరే కణాలను ఉసిగొల్పి మీ కండ మీదికి పంపిస్తున్నయనుకుంటాన్నం. ఆ జన్యువును ఎవరు మూసిన్రు, ఎట్ల మూసిన్రు అన్నదే నేను చూసేది. ఇదొక్కటే కారణమని మాత్రం చెప్పలేను.”

శ్రీలతకు మాత్ర బలం తగ్గుతున్నట్టుంది. మాటలు ఏరుకోవలసి వచ్చింది.

“గడ్డ తీసేస్తే నేర్వనియి గూడ పోతయా?”

అబద్ధం చెప్పడం నవ్యకు చేతకానట్టుంది.

“గడ్డ పోతదక్కా. బయటికొచ్చినయి ఒంట్లనే ఉంటయి. చానా ఏండ్లు బతుకుతయి. మందులతోని అణచిపెడతరు. చానామందికి మంచిగైతది.”

“మళ్ళ నేర్పియ్యరాదా?”

“ఇప్పటికైతే రాదు.”

ఇందులో మీకేం లాభం లేదని, ముందుముందు వచ్చేవాళ్ళకు ఉండవచ్చని కూడా చెప్పింది నవ్య. శ్రీలత తీసుకొమ్మంది. కోసేసిన ముక్క నేనేం చేసుకుంటానని అంది. నవ్య నవ్వింది. శ్రీలత తిరిగి నవ్వలేక తల ఊపితే, మీరు నవ్విన్రని నాకు తెలుస్తాంది అక్కా అంది ఆ అమ్మాయి. చాలా నెలలుగా అట్లాంటి మాట ఎవరూ అనలేదు.

ఛాతీ మధ్యలో కోసి గడ్డ తీశారు. గడ్డ పక్కకు పాకలేదన్నారు. కొన్నాళ్ళు శ్రీనివాస్ ఇంట్లో ఉంది. వాళ్ళు బాగానే చూసుకున్నారు. అయినా పిల్లలు టీవీ చూస్తుంటే, మరదలు ఫోన్లో పుట్టింటివాళ్ళతో మాట్లాడుతుంటే, మూలగదిలో మాత్రల వేళ కోసం చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. గాయం మానగానే చౌరస్తాకు వచ్చేసింది. పై అరల్లోని తాన్లు దించడానికి సమ్మమ్మ అనే ఆవిడను పనికి కుదిర్చాడు శ్రీనివాస్. మందుల వల్ల శ్రీలత మొహం ఉబ్బి గుండ్రంగా అయింది. కొత్త గిరాకీ ఆమెను ఎరగదు, పాత గిరాకీ గుర్తుపట్టలేదు.

ఒక శుక్రవారం పొద్దున మాత్ర వేసుకొని, అది పనిచేయడం మొదలయ్యేదాకా ఆగి, మండిబజార్ పోయింది. సుగ్రా తలుపు తీసి, ఎవరు కావాలని అడిగింది. తర్వాత గుర్తుపట్టి, పక్కకు జరిగింది.

శ్రీలత ఎట్లా మొదలుపెట్టాలో దారిలో అనుకున్నదంతా మరిచిపోయింది. పమిట జరిపి, మెడ కింద మొదలైన కోత గుర్తు చూపించింది. నరం, కండ, గడ్డ, నేర్వని కణాలు, తనకు అర్థమైనంత వరకు చెప్పింది. సుగ్రా తల వంచుకొని వింది. అంతా అయ్యాక ఒక్క మాట అంది.

“నోట్లది తీసి రుమాల్ల పెట్టుకున్నవ్. నేను చూసిన. మావోళ్ళు గూడ చూసిన్రు.”

“మింగుడు రాలే ఆపా.”

“నా మొహం చూసి గట్ల నవ్వినవ్.”

“గది నవ్వు గాదు. మంచిగ నవ్వుదామనే అనుకున్న. మొహం నా మాట ఇన్లే.”

సుగ్రా లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపటికి చాయ్‌తో వచ్చింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. శ్రీలత చాయ్ మెల్లగా, గుక్క గుక్కకూ ఆగుతూ తాగుతుంటే, ఆమె గొంతు వంకే చూస్తూ కూర్చుంది.

“నేను అడిగుంటే అయిపోతుండె,” అంది చివరికి. “ఎన్నేండ్లు తిన్నం కలిసి. ఒక్క మాట అడుగకపోతి.”

“అడిగినా ఏం చెప్తుంటి. నాకే తెల్వకపాయె.”

ఐమన్ గురించి మాట్లాడుకున్నారు. ఆమె కరీంనగర్‌లో ఉంది. వెళ్ళేటప్పుడు శ్రీలత అరుగు ఖాళీగానే ఉందని చెప్పింది. సుగ్రా గుమ్మం దగ్గర నిలబడి, కుమార్‌పల్లిలో పని ఎక్కువుందని, వాళ్ళు మంచివాళ్ళని, మధ్యలో విడిచిపెట్టి రావడం బాగుండదని చెప్పింది. అది నిజమే కావచ్చు. అప్పుడప్పుడు వస్తానంది. వస్తోంది కూడా, నెలకో రెండు నెలలకో. వచ్చినప్పుడు కూర్చుంటుంది, ఐమన్ కబుర్లు చెప్తుంది. పాత చనువు మాత్రం మాటల్లోకి పూర్తిగా రాలేదు. ఇద్దరూ ఒకరి బాధ ఒకరికి తగలకుండా జాగ్రత్తగా మాట్లాడుకుంటారు. ఇంతకుముందు ఆ జాగ్రత్త ఉండేది కాదు.

ఇప్పుడు శ్రీలత పొద్దున దుకాణం తీసి మధ్యాహ్నం మూసేస్తుంది. రెప్పలు చాలావరకు నిలుస్తున్నాయి. అన్నం నమలగలుగుతోంది. అలసిపోతే మాట ముక్కులోకి పోతుంది గనక, మధ్యాహ్నం తర్వాత ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. పైన గదిలో పడుకొని కింద బజారు చప్పుడు వింటుంది. ఆ వేళకే ఊళ్ళో జనం బయటికి వస్తారు.

ఈ మధ్య ఒక ఆదివారం సాయంత్రం నవ్య ఫోన్ చేసింది. శ్రీలత ఇచ్చిన ముక్కలో తను అనుకున్నట్టే ఆ జన్యువు మూతబడి ఉందట. ఎందుకు మూతబడిందన్నది ఇంకా తేలలేదు. తెరిపించడానికి చేసిన ప్రయత్నాలు పనిచేయలేదు. కణాలు ల్యాబులోని గిన్నెలో కొన్నాళ్ళకు మించి బతకలేదు. ఇవన్నీ చెప్పి, ఊరికే మాట్లాడుతూ పోయింది. ల్యాబులో తను ఒక్కతే ఉందట, హాస్టల్లో కూడా అందరూ ఊళ్ళకు పోయారట. ఇంట్లోవాళ్ళకు ఈ పని ఏమిటో చెప్పినా అర్థం కాదని, ఇంకెన్నేళ్ళు చదువుతవ్ అంటారని చెప్పింది. శ్రీలతకు చెప్పాలని చాలా ఉంది. గొంతు సాయం చేయక ఊ, ఊ అని మాత్రం అంది. మీకు అలసటైనట్టుంది పడుకోండక్కా అని నవ్య ఫోన్ పెట్టేసింది.

మరునాడు పొద్దున మాత్ర వేసుకున్న కాసేపటికి శ్రీలత ఆ అమ్మాయికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. పనిలో ఉండి ఉంటుంది. మళ్ళీ చేస్తే విసిగిస్తున్నట్టుంటుందేమోనని ఫోన్ గల్లాపెట్టె పక్కన పెట్టింది. సమ్మమ్మ అప్పుడే వచ్చి చీపురు అందుకుంది. ఆకుపచ్చ చీర పట్టుకొని ఒకామె మెట్టెక్కుతూ, దీనికి జాకెట్ గుడ్డ కావాలని అడిగింది. శ్రీలత చీర కొంగు వెలుతురులోకి తీసి పట్టుకొని, ఏ ఊరమ్మా మీది అని అడిగింది.